సంగటి సీమలో సీలియాక్ వ్యాధి

గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తి సరిపడక, ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ సొంత చిన్నపేగు మీదికే తిరగబడే జబ్బును సీలియాక్ వ్యాధి అంటారు. ఇది అజీర్తి కాదు, గోధుమ అలెర్జీ కూడా కాదు. తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువు, పళ్లెంలోకి వచ్చిన గింజ రెండూ కలిస్తేనే మొదలవుతుంది. గింజ మానేస్తే అణుగుతుంది, మళ్లీ తింటే మళ్లీ లేస్తుంది. లోకం మొత్తం మీద జరిగిన అధ్యయనాలను కలిపి లెక్కవేస్తే వెయ్యి మందిలో సుమారు ఏడుగురికి ఈ జబ్బు ఉన్నట్టు పేగు ముక్క పరీక్షలో తేలుతోంది. దక్షిణాదిలో మాత్రం దీని పేరు విన్నవాళ్లే తక్కువ.

బంగారుపాళ్యం వంటి ఊళ్లో ఇది ఎందుకు వినపడదో అక్కడి వంటిల్లు చూస్తే కొంతవరకు తెలుస్తుంది. చిత్తూరు నుంచి పలమనేరు వెళ్లే దారిలో, చెన్నై–బెంగళూరు రహదారి మీద ఉన్న మండల కేంద్రమిది. వేసవిలో తోతాపురి మామిడి లోడ్లతో మార్కెట్ యార్డు కిటకిటలాడుతుంది. ఈ సీమ తిండి రాగిసంగటి. నూకలు మెత్తగా ఉడికాక పైన రాగిపిండి పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, తెడ్డుతో ఉండలు లేకుండా గెలికి, చేతికి నీళ్లద్దుకుని ముద్ద కడతారు. పక్కన శెనక్కాయల ఊరుబిండో, పప్పో, ఆదివారమైతే నాటుకోడి పులుసో ఉంటుంది. ఈ పళ్లెంలో గ్లూటెన్ రవ్వంత కూడా లేదు. రాగి, బియ్యం, జొన్న, సజ్జ, కొర్ర, సామ, మొక్కజొన్న అన్నీ గ్లూటెన్ లేని గింజలే. పాశ్చాత్య దేశాల్లో సీలియాక్ రోగి ప్రత్యేక దుకాణంలో ఎక్కువ డబ్బు పెట్టి కొనుక్కునే తిండిని ఈ సీమ తరతరాలుగా పొయ్యి మీద వండుకుంటోంది.

పేగులో జరిగేది

చిన్నపేగు లోపలి గోడ నునుపుగా ఉండదు. తువాలు మీది పోగుల్లా లక్షల కొద్దీ సన్నని మొలకలు లేచి ఉంటాయి. వాటిని విల్లై అంటారు. తిన్నది ఒంటపట్టేది వాటి ద్వారానే. గ్లూటెన్‌లో ప్రోలిన్, గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాలు దండిగా ఉండటం వల్ల మన జీర్ణరసాలు దాన్ని పూర్తిగా ముక్కలు చేయలేవు. మిగిలిన పెద్ద ముక్కలు పేగు గోడలోకి చేరినప్పుడు ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైమ్ వాటి రూపాన్ని కాస్త మారుస్తుంది. డీక్యూ2 లేదా డీక్యూ8 అనే జన్యు రకం ఉన్న కొందరిలో ఆ మారిన ముక్కను రక్షక కణాలు శత్రువుగా పోల్చుకుని దాడికి దిగుతాయి. దెబ్బతినేది పేగే. మొలకలు అరిగి గోడ చదునవుతుంది, ఎంత తిన్నా ఒంటికి పట్టదు. ఒళ్లు ఆ ఎంజైమ్ మీద కూడా ప్రతిరక్షకాలు తయారు చేస్తుంది. 1997లో జర్మనీ పరిశోధకులు ఈ సంగతి కనిపెట్టాక రక్తపరీక్షతో జబ్బును అనుమానించడం మరింత తేలికైంది.

ఈ రహస్యంలో మొదటి ముడి విప్పింది ఒక కరువు. 1888లో లండన్ వైద్యుడు శామ్యూల్ గీ ఈ జబ్బును వివరంగా రాసి, నయమయ్యే దారంటూ ఉంటే అది తిండి ద్వారానే అన్నాడు గానీ ఏ తిండో తేల్చలేకపోయాడు. 1924లో అమెరికా వైద్యుడు సిడ్నీ హాస్ పిల్లలకు అరటిపండ్ల పథ్యం పెట్టాడు. పిల్లలు కోలుకున్నారు, కీర్తి అరటిపండుకు దక్కింది. నిజానికి మేలు చేసింది ఆ పథ్యంలో రొట్టె లేకపోవడం. నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు విల్లెమ్ డికే 1930ల నుంచే గోధుమను అనుమానిస్తూ వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం చివర 1944–45 చలికాలంలో ఆ దేశంలో రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో అల్లాడుతుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె తిరిగి రాగానే మళ్లీ పడిపోయారు. 1950లో డికే తన సిద్ధాంత గ్రంథంలో ఈ సంగతి రుజువులతో చెప్పాడు.

కడుపు చెప్పే మాట, చెప్పని మాట

పుస్తకాల్లో కనిపించే రోగి ఏడాది, రెండేళ్ల పసివాడు. గోధుమ కలిసిన తిండి మొదలుపెట్టిన కొన్ని నెలలకు విరేచనాలు పట్టుకుంటాయి. మలం పాలిపోయి, జిడ్డుగా, ఎక్కువగా, నీళ్లు పోసినా తేలుతూ, చెడు వాసన వేస్తుంది. పొట్ట ముందుకు వస్తుంది, చేతులూ కాళ్లూ పిరుదులూ కరిగిపోతాయి. ఆడుకునే బిడ్డ చిరాకుగా, దిగులుగా తయారవుతాడు. ఇలాంటి బిడ్డను గుర్తుపట్టడం అంత కష్టమేమీ కాదు.

కష్టమంతా పెద్దవాళ్ల దగ్గరే. వాళ్లలో చాలామందికి విరేచనాలే ఉండవు, కొందరికి మలబద్ధకం. భోంచేసిన గంటకు కడుపు ఉబ్బరం, గుడగుడ, తేన్పులు, వికారం, బొడ్డు చుట్టూ నొప్పి కనిపిస్తాయి. మన ఊళ్లలో వీటన్నిటికీ కలిపి ఒకే పేరుంది, గ్యాస్. మందుల షాపులో పరగడుపున వేసుకునే మాత్ర ఒకటి తెచ్చుకుని ఏళ్ల తరబడి నెట్టుకొస్తారు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ (ఐబీఎస్) అన్న ముద్ర పడుతుంది. లక్షణాలు చూస్తే రెండింటినీ విడదీయడం నిజంగానే కష్టం. పైగా పేగు దెబ్బతిన్నప్పుడు పాలలోని లాక్టోజ్‌ను అరిగించే ఎంజైమ్ కూడా తగ్గిపోతుంది. పాలు తాగితే కడుపు కదులుతుంది, నేరం పాల మీద పడుతుంది, గోధుమ తప్పించుకుంటుంది.

కడుపు అసలు నోరెత్తని రోగులూ ఉన్నారు. ఇనుము ఒంటపట్టేది చిన్నపేగు మొదటి భాగంలో, ఈ జబ్బు ముందుగా దెబ్బకొట్టేదీ అక్కడే. అందుకే మాత్రలు ఎన్ని మింగినా ఎక్కని రక్తహీనత కొందరిలో ఏకైక ఆనవాలు. ఎదగని ఎత్తు, ఆలస్యమైన రజస్వల, మళ్లీ మళ్లీ వచ్చే నోటిపూత, చిన్న వయసులో గుల్లబారిన ఎముకలు, కారణం తేలని గర్భస్రావాలు, మోచేతుల మీదా మోకాళ్ల మీదా దురదపెట్టే నీటి పొక్కులు కూడా దీని రూపాలే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతానికి రక్తహీనత ఉంది. దానికి ఒక పెద్ద కారణం తిండిలో ఇనుము చాలకపోవడం. అంత పెద్ద గుంపులో పేగు జబ్బుతో రక్తం తగ్గిన ఒకరిద్దరు కనపడకుండా పోవడంలో వింతేమీ లేదు. ఆరు నెలలు ఐరన్ మాత్రలు సరిగ్గా వాడినా హిమోగ్లోబిన్ పెరగనప్పుడైనా వైద్యులు ఈ దిక్కుగా చూడాలి.

వేలూరు చెప్పిన లెక్క

భారతదేశంలో సీలియాక్ వ్యాధిని మొదట ఉత్తరాది పిల్లల జబ్బుగానే గుర్తించారు. 1966లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక వ్యాసం ఉత్తర భారత పిల్లల గురించే. దక్షిణాదిన అసలు ఉందా, లేదా అన్న ప్రశ్నకు గట్టి జవాబు 2016లో వచ్చింది. బంగారుపాళ్యం నుంచి చిత్తూరు మీదుగా గంటన్నర ప్రయాణం దూరంలో ఉన్న వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేసిన బి.ఎస్. రామకృష్ణ, ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన గోవింద్ మఖారియా, మరికొందరు కలిసి దేశంలో మూడు ప్రాంతాల నుంచి 23,331 మంది ఆరోగ్యవంతులైన పెద్దలను పరీక్షించారు. ఉత్తరాదిలో 1.23 శాతం, ఈశాన్యంలో 0.87 శాతం, దక్షిణాదిలో 0.10 శాతం మంది రక్తంలో ఈ వ్యాధి ప్రతిరక్షకాలు కనిపించాయి. పేగు ముక్క కూడా చూసి జబ్బును ఖాయం చేసిన లెక్క వేస్తే ఉత్తరాదిలో వెయ్యికి 8.53 మంది, దక్షిణాదిలో వెయ్యికి 0.11 మాత్రమే. అంటే సుమారు పదివేల మందిలో ఒకరు.

దక్షిణాదివాళ్ల రక్తంలోనే ఏదో రక్ష ఉందనుకుంటే పొరపాటు. జబ్బుకు చోటిచ్చే జన్యు రకాలు ఉత్తరాదిలో 38.1 శాతం మందిలో ఉంటే దక్షిణాదిలో 36.4 శాతం మందిలో ఉన్నాయి. దాదాపు సమానమే. తేడా పళ్లెంలో ఉంది. ఉత్తరాది మనిషి రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే దక్షిణాది మనిషి 25 గ్రాములు తింటున్నాడు. ఆ పాతిక గ్రాములు ఒక చిన్న చపాతికి సరిపోయే పిండి.

అయితే లెక్క ఇక్కడితో తెగదు. ఈశాన్యంలో రోజుకు తినే గోధుమ 37 గ్రాములే, దక్షిణాదికి పెద్ద తేడా లేదు. అయినా అక్కడ ప్రతిరక్షకాలున్నవాళ్లు ఎనిమిది రెట్లకు పైగా ఉన్నారు. గోధుమ ఒక్కటే సమాధానమైతే ఇలా ఉండకూడదు. జన్యువుల లోపలి తేడాలో, చిన్ననాటి అంటువ్యాధులో, పేగులోని సూక్ష్మజీవులో, మరేదో కూడా పనిచేస్తోందని ఒప్పుకోక తప్పదు. గోధుమ పెరిగితే జబ్బు పెరుగుతుందని సూత్రం బిగించేవాళ్లు ఈ ఈశాన్యపు అంకెను సాధారణంగా దాటేస్తుంటారు. సముద్రం దాటిన భారతీయుల్లోనూ ఉత్తర, దక్షిణాల తేడా ఇలాగే కనిపించింది. అమెరికాలో పేగు ముక్క పరీక్షల నివేదికలను రోగుల పేర్లను బట్టి వర్గీకరించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో పంజాబీ పేర్లున్నవాళ్లలో జబ్బు మిగతా అమెరికన్ల కంటే ఎక్కువగా, దక్షిణ భారత పేర్లున్నవాళ్లలో బాగా తక్కువగా తేలింది. బ్రెడ్డు, పాస్తా రోజూ దొరికే దేశంలో కూడా!

ఈ సీమలో సీలియాక్‌ను మరుగుపరచిన పోలిక ఒకటుంది. 1960ల తొలి ఏళ్లలో ఉత్తర ఆర్కాటు జిల్లా పల్లెల్లో స్ప్రూ అనే విరేచనాల జబ్బు ఊళ్లకు ఊళ్లనే పట్టుకుంది. చిత్తూరు ప్రాంతం కూడా 1911లో వేరే జిల్లా అయ్యేదాకా ఆ ఉత్తర ఆర్కాటులోదే. వేలూరు వైద్యులు ఎస్.జె. బేకర్, వి.ఐ. మాథన్ ఆ పల్లెలు తిరిగి ఈ ఉపద్రవాన్ని నమోదు చేశారు. స్ప్రూలో కూడా పేగు మొలకలు అరుగుతాయి, మనిషి చిక్కిపోతాడు, రక్తం తగ్గుతుంది. కానీ దానికి గోధుమతో సంబంధం లేదు. టెట్రాసైక్లిన్, ఫోలిక్ ఆమ్లం, బీ12తో తగ్గుతుంది. జియార్డియా అనే సూక్ష్మజీవి, పేగు క్షయ కూడా ఇలాంటి వేషమే వేస్తాయి. అందుచేత దక్షిణాది వైద్యుడు అరిగిన మొలకలు చూసి ముందుగా వీటినే తలుచుకోవడం సబబే. వీటితో పాటు సీలియాక్ రక్తపరీక్ష కూడా రాస్తే సరిపోతుంది.

గోధుమ వచ్చిన దారులు

పాతిక గ్రాముల సగటు అందరి పళ్లెం మీదా సమానంగా పడదు. సంగటి తినే ఇంట్లోనే రాత్రిపూట చపాతి చేరింది, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లకు. అన్నం మానేసి చపాతి తినమన్నది మన వీధుల్లో అందరూ ఇచ్చే సలహా. సీలియాక్ వ్యాధి మామూలు జనంలో కంటే టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లల్లో ఎక్కువ. ఆ సలహా వాళ్లకు ఎదురుతిరగవచ్చు. తమిళనాడు సరిహద్దు కావడంతో చిత్తూరు వైపు ఊళ్లలో సాయంత్రమైతే పరోటా బండ్ల పెనాలు మోగుతాయి. టిఫిన్ బండి మీద మైసూరు బోండా మైదాపిండిది. ఉప్మా బొంబాయి రవ్వది. పెళ్లిలో బొబ్బట్టు పైపొర, పాయసంలో సేమియా కూడా గోధుమే.

జబ్బుపడినవాళ్లకు ఆప్యాయంగా పెట్టేవి మరీ చిక్కు. జ్వరం వస్తే బ్రెడ్డు, రస్కు. నీరసంగా ఉంటే హార్లిక్స్, అందులో గోధుమ, మాల్ట్ చేసిన బార్లీ రెండూ ఉంటాయి. కాళ్లు వాచినా, మూత్రం మండినా బార్లీ నీళ్లు. సీలియాక్ ఉన్న మనిషికి ఇవన్నీ నిప్పులో నెయ్యి. అంగన్‌వాడీల్లో పసిపిల్లలకు ఇచ్చే బాలామృతంలో కూడా వేయించిన గోధుమ ప్రధాన దినుసు. అది దాదాపు పిల్లలందరికీ మేలు చేసే తిండి, దాన్ని చూసి తల్లులు భయపడాల్సిన పని లేదు. అయితే అది తినడం మొదలుపెట్టాక బిడ్డ విడవని విరేచనాలతో తూకం కోల్పోతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

పథ్యం

సీలియాక్ వ్యాధికి ఇప్పటికైతే మందు లేదు. ట్రాన్స్‌గ్లుటమినేజ్‌ను అడ్డుకునే మాత్రలు పరీక్షల దశలో ఉన్నాయి. చికిత్స అంటే జీవితాంతం గ్లూటెన్ మానేయడమే. మానేసిన కొద్ది వారాల్లోనే చాలామందికి ఉబ్బరం, విరేచనాలు తగ్గుతాయి. పేగు పూర్తిగా కోలుకోవడానికి పిల్లలకు నెలలు, పెద్దలకు ఏళ్లు పట్టవచ్చు. ఈలోగా ఇనుము, ఫోలిక్ ఆమ్లం, విటమిన్ డి, క్యాల్షియం కొరత ఉందేమో చూసి భర్తీ చేస్తారు. పాలు పడకపోవడం చాలామందిలో తాత్కాలికమే, పేగు మానాక తిరిగి తాగవచ్చు.

ఎంత తక్కువైతే ఫరవాలేదు? 2007లో ఇటలీలో కార్లో కటాసీ బృందం చేసిన ప్రయోగంలో రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తింటే పేగు దెబ్బతిన్నట్టు తేలింది. గోధుమపిండిలో సుమారు పదోవంతు గ్లూటెన్ అనుకుంటే, అది అర గ్రాము పిండి. వేళ్ల కొసన పట్టే చిటికెడు. ఈ అంకె తెలిశాక మన వంటింట్లో ముందుగా అనుమానించాల్సింది ఇంగువ డబ్బా. బజారులో దొరికే కలిపిన ఇంగువలో అసలు ఇంగువ వంతు కొద్దిగానే ఉంటుంది, మిగతాది జిగురు, పిండి. ఆ పిండి చాలా రకాల్లో గోధుమదే. ఇంటిల్లిపాది సాంబారులో వేసిన చిటికెలో ఒక్కరి వాటాకు వచ్చేది కొంచెమే. కానీ రసం, పులిహోర, మజ్జిగ, ఊరగాయ అన్నిట్లోనూ రోజూ పడుతుంటే లెక్క మారిపోతుంది. బియ్యప్పిండితో చేసిన ఇంగువ కూడా అమ్ముతున్నారు, డబ్బా వెనుక దినుసుల జాబితా చూసి కొనుక్కోవాలి.

రెండో దొంగదారి పిండిమర. ముందు వచ్చినవాళ్లు గోధుమలు ఆడించుకుని వెళ్లాక అదే రాళ్ల మధ్య మన రాగులు పోస్తే, మొదట రాలే పిండిలో గోధుమ తప్పకుండా కలుస్తుంది. ఈ జబ్బు ఉన్న ఇంట్లో మిక్సీలోనో, చిన్న ఇంటి మరలోనో పట్టుకోవడం మేలు. రాగులను ముందు చెరిగి, గోధుమ గింజలుంటే ఏరాలి. చపాతి కాల్చిన పెనం మీదే దోసె పోయకూడదు. బజ్జీల బండి మీద నూనె విషయంలోనూ అంతే, మైదా బోండాలు వేగిన మూకుడులో మిరపకాయ బజ్జీ శనగపిండిదైనా పనికిరాదు.

రవ్వల దగ్గర చాలామంది తడబడతారు. ఇడ్లీ రవ్వ, బియ్యపు రవ్వ, జొన్న రవ్వ తినవచ్చు. బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ తినకూడదు. ఇడ్లీ, మినప దోసె, పొంగలి, పెసరట్టు, గారెలు, బొరుగులు, అటుకులు, సగ్గుబియ్యం, జొన్నరొట్టె మంచివే. రవ్వ ఇడ్లీ, రవ్వ దోసె కావు. తిరుపతి లడ్డూకు వాడేవి శనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు, ఎండుద్రాక్ష, యాలకులు. ఆ జాబితాలో గోధుమ లేదు. చెక్కలు, మురుకులు ఇంట్లో చేస్తే బియ్యప్పిండివి. అంగట్లో కొన్నవాటిలో కరకరలాడటానికి మైదా కలిపే అలవాటుంది, అడగకుండా కొనకూడదు. ఓట్స్‌లో గ్లూటెన్ లేకపోయినా మిల్లుల్లో గోధుమ కలవడం మామూలు కనుక గ్లూటెన్ రహితమని ముద్ర ఉన్నవే వాడాలి. మన దేశంలో ఆ ముద్ర వేయాలంటే కిలో సరుకులో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన.

గ్లూటెన్ రహితమని అమ్మే బిస్కట్లు, కేకులు కొనలేకపోయామని చిత్తూరు సీమ రోగి బాధపడనక్కర్లేదు. వాటిలో చాలామటుకు పిండిపదార్థం, చక్కెర, కొవ్వు తప్ప సత్తువ ఉండదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల్లో వంద గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంది, పాలిష్ పట్టిన బియ్యంలో పది కూడా లేదు. ఎముకలు గుల్లబారే జబ్బుకు ఇంతకంటే సరిపోయే గింజ లేదు. 2023 మార్చి నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో రాగిజావ కూడా ఇవ్వడం మొదలుపెట్టారు. సీలియాక్ ఉన్న పిల్లవాడు తోటివాళ్లతో కలిసి తాగగలిగిన ఆహారం అది. ఇంట్లో సుఖంగా సాగే ఈ పథ్యం తెగేది పెళ్లిభోజనంలో, ప్రయాణంలో, హాస్టల్లో. హోటల్లో వెయిటరును అడిగితే గోధుమ లేదనే చెబుతాడు. అతనికి మైదా గోధుమ అన్న సంగతి తట్టదు. కాబట్టి చపాతిపిండి, మైదా, రవ్వ, సేమియా, బార్లీ అని విడివిడిగా పేర్లు చెప్పి అడగాలి.

పరీక్ష గురించి

అనుమానం రాగానే గోధుమ మానేసి చూద్దామనుకోవడం సహజం. అదే పెద్ద చిక్కు తెస్తుంది. మానేస్తే ప్రతిరక్షకాలు తగ్గుతాయి, పేగు మానుతుంది, పరీక్షలో ఏమీ తేలదు. అప్పుడు మళ్లీ వారాల పాటు గోధుమ తిని పరీక్షకు వెళ్లాల్సి వస్తుంది. మామూలుగా తింటూనే ట్రాన్స్‌గ్లుటమినేజ్ ఐజీఏ రక్తపరీక్ష, దానితో పాటు ఐజీఏ అనే ఆ రకం ప్రతిరక్షకం రక్తంలో మొత్తం ఎంతుందో తేల్చే పరీక్ష కూడా చేయించుకోవాలి. సీలియాక్ రోగుల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి పుట్టుకతోనే ఐజీఏ ఉండదు, వాళ్లలో మొదటి పరీక్ష జబ్బు లేదని తప్పుగా చెబుతుంది. రక్తపరీక్షలో బయటపడితే ఎండోస్కోపీతో చిన్నపేగు మొదటి భాగం నుంచి నాలుగైదు ముక్కలు తీసి చూస్తారు. తిరుపతి స్విమ్స్‌లో, వేలూరు సీఎంసీలో జీర్ణకోశ వైద్య విభాగాలున్నాయి. పిల్లల్లో ప్రతిరక్షకాలు మామూలు హద్దుకు పది రెట్లు దాటి, మరో రక్తపరీక్ష కూడా బలపరిస్తే ముక్క తీయకుండానే నిర్ధారించవచ్చని యూరప్ పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో చెప్పింది.

ఇంట్లో ఒకరికి జబ్బు తేలితే అమ్మానాన్నలకు, తోబుట్టువులకు, పిల్లలకు అది ఉండే అవకాశం మిగతావాళ్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వాళ్లకు ఏ బాధా లేకపోయినా ఈ రక్తపరీక్ష ఒక్కసారైనా చేయించండి, అదీ గోధుమ మానకముందే.